ఓర్పు ఎవరిది? సుదూర సవారీ పోటీలలో గుర్రపు మచ్చిక, మనిషి బాధ్యత

ప్రవేశిక

‘రౌతు కొద్దీ గుర్రం’ తెలుగువారికి చిరపరిచితమైన సామెత. గుర్రం నడతకు రౌతే కారణమని దాని భావం. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుంది’ అన్నది దానికి తోబుట్టువు వంటి మరో సామెత. రెండూ ఒకే అనుభవం నుంచి పుట్టినట్టు కనిపించినా వాటి తాత్పర్యాలు వేరు. మొదటిది నడతకు సంబంధించిన బాధ్యతను మనిషిపై ఉంచుతుంది. రెండవది గుర్రం కుంటడాన్ని సోమరితనంగా లెక్కించి, రౌతును కఠినంగా ఉండమంటుంది. మూడు కాళ్లమీద నడిచే గుర్రం సాకు చూపుతున్నదా, నిజంగానే నొప్పితో ఉన్నదా అన్న విచారణకు రెండవ సామెతలో చోటు లేదు. ఈ విచారణకు చోటు కల్పించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఇందుకు సుదూర సవారీ పోటీలను ఆధారంగా గ్రహించడం జరిగింది. ఎండ్యూరెన్స్ రైడింగ్ అనే పేరుతో ప్రపంచమంతటా జరుగుతున్న ఈ పోటీలలో రౌతు, గుర్రం కలిసి ఒకే రోజులో సుదీర్ఘమైన దూరాన్ని దాటాలి. అంతర్జాతీయ స్థాయిలో ఈ దూరం 160 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఇక్కడ పరీక్షకు నిలిచే గుణం ఓర్పు. కాని ఓర్చుకొనేది గుర్రం. బహుమానం అందుకొనేది మనిషి. ఒకరి ఓర్పును మరొకరు తమ విజయంగా చెప్పుకోవడం ఏ షరతులపై న్యాయమవుతుంది? ఇదీ మూలప్రశ్న.

ఈ ప్రశ్నను రామగిరి ప్రాంతం నుంచి అడగడానికి కారణముంది. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో ఒకవైపు వనమూలికలకు పేరెన్నికగన్న కొండ, దానిమీద పాత ఖిల్లా. మరొకవైపు సింగరేణి రామగుండం-3 ఏరియా గనులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని. కోటలు గుర్రాలను నమ్ముకొన్న కాలం గతించింది. కాని ఒక దేహంతో ఎంతవరకు పని చేయించవచ్చు, ఎక్కడ ఆపాలి, ఆపమనే అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్నవి బొగ్గుగని నేలలో నేటికీ సజీవమైన ప్రశ్నలు. గని ఇచ్చిన అవగాహన గుర్రపు ప్రశ్నకు ఎలా తోడ్పడుతుందో, ఎక్కడ తోడ్పడదో కూడా పరిశీలించవలసి ఉంది.

మర్యాద అంటే ఏమిటి?

సుదూర సవారీలో గుర్రానికి వేగం కన్న ముందుగా నేర్పేది మర్యాద. పదుల సంఖ్యలో గుర్రాలు ఒకేసారి బయలుదేరే చోట తొక్కిసలాట లేకుండా నిలబడాలి. వెనుక నుంచి మరొక గుర్రం దాటిపోతుంటే తన్నరాదు. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్రని రిబ్బను కట్టడం అనేక దేశాలలో ఆచారం. నీటితొట్టి దగ్గర ఒక గుర్రం తాగుతుండగా తోటి రౌతు తన గుర్రాన్ని హఠాత్తుగా తోలుకుపోరాదు. తాగే గుర్రం తోటిదాని వెంట పోవాలన్న తపనతో నీళ్లు వదిలేస్తుంది. ఇరుకుదారిలో దాటిపోదలచిన రౌతు ముందువారికి ముందే మాట చెప్పాలి. వీటిలో సగం గుర్రపు మర్యాదలైతే సగం మనిషి మర్యాదలు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అన్నిటికన్న ముఖ్యమైన మర్యాద పశువైద్యుని ముందు నిలబడడం. పోటీదారిని కొన్ని భాగాలుగా విభజించి, ప్రతి భాగం చివర గుర్రాన్ని ఆపి పరీక్షిస్తారు. నాడి, పేగుల చప్పుడు, చిగుళ్ల రంగు, చర్మపు సాగుదల, జీను కింద ఒరిపిడి అన్నీ చూస్తారు. వదులైన పగ్గంతో కొంతదూరం దౌడు తీయించి, కుంటు ఉన్నదేమో గమనిస్తారు. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి నిమిషానికి సుమారు 30 నుంచి 40 వరకు గుండె కొట్టుకుంటుంది. పోటీలో నిర్ణీత సమయంలోపల అది సాధారణంగా 64కు దిగాలి. దిగకపోయినా, కుంటినా ఆ గుర్రానికి ఆనాటి పోటీ ముగిసినట్టే.

బెదిరే గుర్రానికి, తల విదిలించే గుర్రానికి ఈ పరీక్ష సరిగా చేయడం సాధ్యం కాదు. బెదురువల్ల నాడి పెరుగుతుంది. పెరిగినది అలసటవల్లనో బెదురువల్లనో తేలదు. కనుక మర్యాద అనేది మనిషి సౌకర్యానికి మాత్రమే నేర్పే విద్య కాదు. గుర్రం దేహం చెప్పే మాట వినబడడానికి అది సాధనం. అయితే అదే మర్యాద మరొకవైపు ఆ మాటను అణచివేసే సాధనం కూడా కాగలదు. ఈ ద్వంద్వస్వభావమే సమస్యకు కేంద్రం.

ప్రాచీన వాఙ్మయ సాక్ష్యం

భారతీయ వాఙ్మయానికి ఈ సమస్య కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులు వివరంగా ఉన్నాయి. అక్కడ రథానికి కట్టే గుర్రాలకు 6, 9, 12 యోజనాలు, సవారీ గుర్రాలకు 5, ఏడున్నర, 10 యోజనాలు అని జాతి శక్తుల తరతమ భేదాన్ని బట్టి నడిపించదగిన దూరం నిర్దేశింపబడింది. అంటే, గుర్రం ఎంత దూరం పోగలదన్న ప్రశ్నను రౌతు ఉత్సాహానికి వదలక రాజశాసనం తన చేతిలోకి తీసుకొన్నది. యుద్ధంవల్ల, రోగంవల్ల, వార్ధక్యంవల్ల పనికి దూరమైన గుర్రాలకు తిండి పెట్టవలసిన కర్తవ్యమూ అక్కడే చెప్పబడింది. ‘గుర్రం గుడ్డిదైనా దానాకు తక్కువ లేదు’ అని మనం ఎగతాళిగా వాడే సామెతను ఈ శాసనం పక్కన పెట్టి చూస్తే, ఎగతాళి వెనుక ఒక ధర్మం దాగి ఉన్నట్టు తోస్తుంది. పని తగ్గినా దానా తగ్గరాదు.

మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ విషయానికి అత్యంత సన్నిహితమైనది. తెలుగులో అది నన్నయ అరణ్యపర్వభాగంలో ఉంది. బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని ఒకే పగటిలో అయోధ్యనుంచి విదర్భకు చేర్చవలసివస్తుంది. ఇది పురాణకాలపు సుదూర ప్రయాణం. నలుడు బక్కపలచని గుర్రాలను ఎంచుకొంటాడు. ఇవి మోసగలవా అని రాజు సందేహిస్తాడు. బలిసిన దేహం వేరు, ఓర్పుగల దేహం వేరు అని తెలిసినవాడు నలుడు. రాజు రథమెక్కగానే గుర్రాలు మోకాళ్లమీద కుంగుతాయి. అప్పుడు నలుడు కొరడా తీయడు, వాటిని ఓదారుస్తాడు. అటుపిమ్మటనే రథం కదులుతుంది. దారిలో రాజు ఉత్తరీయం జారిపడితే, దానికోసం వెనుదిరగడం ఇక సాధ్యం కాదని, అది అప్పటికే యోజనం వెనుక ఉండిపోయిందని నలుడు చెబుతాడు.

ఈ కథలో నైతికదృష్టితో గమనించదగిన అంశం విద్యల మార్పిడి. నలునికి అశ్వహృదయం తెలుసు. ఋతుపర్ణునికి అక్షహృదయం తెలుసు. ఒకటి గుర్రం మనసెరిగే విద్య, మరొకటి పాచికల మర్మమెరిగే విద్య. పందెంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు అక్షహృదయాన్ని పొంది, కలి బాధనుంచి విముక్తుడవుతాడు. రెండు విద్యలను పక్కపక్కన నిలిపిన ఈ కల్పన నేటి పోటీలకు గట్టి హెచ్చరిక. గుర్రంతో కూడిన ప్రతి పోటీలోనూ రెండు హృదయాలు పనిచేస్తాయి. గుర్రాన్ని ఎరిగే హృదయం ఒకటి, గెలుపోటములను లెక్కించే హృదయం మరొకటి. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఏది దేనిని శాసిస్తుంది?

ద్రోణపర్వం ఈ ప్రశ్నకు ఒక సమాధానం చూపుతుంది. సూర్యాస్తమయంలోగా సైంధవుని వధించవలసిన దినాన, సమయమే ప్రాణమైన వేళ, గుర్రాలు బాణపుగాయాలతో, అలసటతో ఉన్నాయని అర్జునుడు గుర్తిస్తాడు. కృష్ణునితో సంప్రదించి రథం ఆపిస్తాడు. తాను నేలపై నిలబడి శత్రువులను అడ్డుకొంటూ, బాణాలతో నీటి మడుగును, శరగృహాన్ని కల్పిస్తాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు ఊడదీసి, ఒళ్లు తోమి, నీళ్లు తాపుతాడు. శత్రుసేన నడుమ రథం లేకుండా నిలబడడం అర్జునునికి ప్రాణాపాయం. గుర్రాల విశ్రాంతికి మూల్యం చెల్లించినది గుర్రాలు కాదు, వాటిచేత పని చేయించుకొనేవాడు. విశ్రాంతికయ్యే నష్టాన్ని స్వామి భరించాలన్న సూత్రం ఈ ఘట్టంనుంచి నిష్పన్నమవుతుంది.

తెలుగుదేశ చరిత్రలోనూ అశ్వపోషణకు ఉన్నత స్థానం ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలపు కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులోని ‘సాహిణి’ అశ్వాలకు సంబంధించిన అధికారాన్ని తెలిపే పదం. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలపై పద్యగ్రంథమే రచించాడు. అయితే లక్షణగ్రంథాలు ప్రధానంగా మంచి గుర్రాన్ని గుర్తించే విద్యను బోధిస్తాయి. మంచి గుర్రానికి మనం ఏమి బాకీపడ్డామన్నది వేరే ప్రశ్న.

మచ్చిక పెంచే బాధ్యత

పై సాక్ష్యాల వెలుగులో ప్రధాన వాదాన్ని మూడు మెట్లుగా చెప్పవచ్చు. శిక్షణ లక్ష్యం గుర్రం తన ఇష్టాన్ని పక్కనపెట్టి రౌతు ఇష్టాన్ని అనుసరించడం. ఇది మొదటి మెట్టు. గుర్రానికి మాట లేదు, అలసటను, నొప్పిని అది ఇష్టాయిష్టాల ద్వారానే తెలుపుతుంది, వేగం తగ్గించడం, చెవులు వెనక్కి వాల్చడం, అడుగు మార్చడం, కదలకపోవడం దాని భాష, ఇది రెండవది. కనుక శిక్షణ ఎంత సఫలమైతే గుర్రం ‘వద్దు’ అని చెప్పే శక్తి అంత తగ్గుతుంది, ఇది మూడవది. దీనినుంచి వచ్చే నిర్ణయం ఒక్కటే. గుర్రం ఎంత మర్యాదగలదైతే మనిషి బాధ్యత అంత బరువవుతుంది. ఒకరి నోరు మూయించినవాడు వారి తరఫున మాట్లాడవలసిన బాధ్యతను తన నెత్తికెత్తుకొన్నట్టే.

తెలుగులో ‘మొరాయించు’ అనే క్రియ ఇక్కడ ఆలోచించదగినది. కదలనని పట్టుపట్టే పశువుకు వాడిన ఈ మాటను నేడు పంపుసెట్టుకూ మోటారుకూ విరివిగా వాడుతున్నాం. యంత్రం మొరాయిస్తే మరమ్మతు చేస్తాం, కారణం వెదుకుతాం. పశువు మొరాయిస్తే కొరడా వెదుకుతాం. యంత్రం విషయంలో చూపే ఈ పాటి తార్కికతనైనా ప్రాణి విషయంలో చూపకపోవడం విచిత్రం. మొరాయింపు అవిధేయత అయితే కావచ్చు. కాని అది సమాచారం కూడా. దానిని సమాచారంగా వినకముందే అవిధేయతగా శిక్షించడం అన్యాయం.

అణకువకు, మచ్చికకు భేదం ఇక్కడే ఉంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ గుర్రం చెప్పినట్టు వింటుంది. అణకువలో భయం ‘వద్దు’ అనే మాటను చంపివేస్తుంది. మచ్చికలో ఆ మాట బతికే ఉంటుంది. చెబితే దెబ్బ పడదన్న నమ్మకం ఉంటుంది. మంచి శిక్షకునికి గీటురాయి గుర్రం ఎంత బాగా వింటుందన్నది కాదు. వినలేని స్థితి వచ్చినప్పుడు ఆ సంగతి ఎంత నిర్భయంగా చూపుతుందన్నదే.

ఆక్షేపణలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రావచ్చు. గుర్రానికి పరుగు సహజం, పోటీలో అది స్వయంగా ఉరకలు వేస్తుంది, దాని ఇష్టమే దాని సమ్మతి అన్నది మొదటిది. గుర్రం ఉత్సాహం నిజమే. కాని గుంపులో బతికే జంతువు తోటివాటి వెంట పరుగెత్తడానికి తన బాగుతో సంబంధం ఉండకపోవచ్చు. దీనికొక దేహధర్మసాక్ష్యం ఉంది. గుర్రపు చెమటలో లవణాలు అధికం. నీటితోపాటు లవణాలూ పోవడంవల్ల, దాహాన్ని పుట్టించే సంకేతం మందగిస్తుంది. తత్ఫలితంగా నీరు అత్యవసరమైన గుర్రమే నీటిని ముట్టకపోవచ్చు. దాహం లేదు కనుక నీరు అక్కరలేదని భావించిన రౌతు దాని ఇష్టాన్ని గౌరవించినట్టూ కాదు, దాని మేలు చూసినట్టూ కాదు. ‘పరుగెత్తి పాలు తాగేకన్న నిలబడి నీళ్లు తాగడం మేలు’ అన్న సామెత గుర్రానికి తెలియదు. తెలిసిన మనిషే దాని తరఫున నిలబడాలి.

తన గుర్రాన్ని ప్రాణంగా చూసుకొనే రౌతుకు బయటివారి తనిఖీ ఎందుకన్నది రెండవ ఆక్షేపణ. దీనికి చరిత్ర సమాధానం చెబుతుంది. 1892లో ఆస్ట్రియా, జర్మనీ సైనికాధికారులు వియన్నా, బెర్లిన్ నగరాల మధ్య సుమారు 580 కిలోమీటర్ల సవారీ పోటీ జరుపుకొన్నారు. స్టార్‌హెంబర్గ్ అనే అధికారి మూడు రోజులలోపే గమ్యం చేరి గెలిచాడు. ఆయన గుర్రం ఏథోస్ ప్రాణాలు విడిచింది. మరెన్నో గుర్రాలు అదే గతి పొందాయి. పాల్గొన్నవారంతా గుర్రాలతోనే జీవితం గడిపిన సైనికులు; గుర్రాన్ని ఎరగనివారు కారు, ద్వేషించినవారూ కారు. వారికి లేనిది అశ్వజ్ఞానం కాదు, ఆపగల మూడవ వ్యక్తి. ప్రేమ ఉన్నచోట పందెం కూడా ఉంటే, ప్రేమ ఇచ్చే సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మలేము.

అయితే పోటీలనే నిషేధించాలి గదా అన్నది మూడవ ఆక్షేపణ. ఇది బలమైనది. నాగలి లాగే ఎద్దు శ్రమకు అన్నం అనే ప్రయోజనం ఉంది. పోటీకి అటువంటి ఆవశ్యకత లేదు. ఆవశ్యకత లేని శ్రమలో కలిగే హానికి ‘తప్పలేదు’ అన్న సమర్థన చెల్లదు. ఇంతవరకు ఆక్షేపణ సమ్మతమే. కాని మనిషి, గుర్రం కలిసి దూరం నడవడమే హింస అన్న నిర్ణయం దీనినుంచి రాదు. సరైన పోషణ, క్రమమైన సాధన, తగిన విశ్రాంతి ఉన్నచోట ఆ కలయిక గుర్రానికీ ఆరోగ్యకరమే. కనుక నిలిచే నిర్ణయం ఇది: పోటీ అనవసరమైనదే కాబట్టి, దానిని ఆపడానికి అతి చిన్న అనుమానం కూడా చాలాలి.

ఆపే అధికారం: గని చెప్పే పాఠం

ఆధునిక సుదూర సవారీకి నాందిగా చెప్పుకొనే టెవిస్ కప్ సవారీ అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో మొదలయింది. 24 గంటలలో 100 మైళ్లు. అందులో 1964నుంచి హాగిన్ కప్ అనే మరొక బహుమానం ఇస్తున్నారు. మొదట చేరిన పది గుర్రాలలో ఉత్తమ స్థితిలో ఉన్నదానికి ఆ గౌరవం. అమెరికాలో ఈ క్రీడాకారులు ‘ముగించడమే గెలుపు’ అన్న మాటను తమ ఆదర్శంగా చెప్పుకొంటారు. వేగంతోపాటు గుర్రం మిగిలిన స్థితినీ విలువగా గుర్తించిన ఏర్పాటు ఇది. అయినా ఏర్పాటు ఉన్నంత మాత్రాన ధర్మం నెరవేరదు. గుర్రాల సంక్షేమం, నియమాల ఉల్లంఘన విషయమై అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2015 మార్చిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ సమాఖ్యను కొంతకాలం సస్పెండ్ చేయవలసివచ్చింది. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ అశ్వక్రీడల సందర్భంగా జరిగిన సుదూర సవారీని వేడి, ఉక్క కారణంగా నడుమనే రద్దు చేశారు. ప్రపంచస్థాయి పోటీని మధ్యలో ఆపడం నిర్వాహకులకు అప్రతిష్ఠ అనిపించవచ్చు. నైతికంగా అదే ఆ క్రీడకు నిలిచిన ప్రతిష్ఠ.

ఆపే అధికారం పందెంతో సంబంధం లేనివారి చేతిలో ఉండాలన్న సూత్రాన్ని గోదావరిఖని, సెంటినరీ కాలనీ ప్రాంతాల పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. బొగ్గుగనుల నిబంధనల ప్రకారం షిఫ్టు మొదలుకాకముందే అర్హతగల వ్యక్తి పనిస్థలాన్ని తనిఖీ చేయాలి. ప్రమాదం కనిపిస్తే కార్మికులను అక్కడినుంచి బయటికి రప్పించాలి. ఉత్పత్తి లక్ష్యం ఎంత దూరంలో ఉన్నదన్నది ఆ తనిఖీలో పరిగణించవలసిన విషయం కాదు. గని నియమావళి ప్రకారం కార్మికునికి నిర్ణీత కాలవ్యవధిలో వైద్యపరీక్ష తప్పనిసరి. ఉత్పత్తిని కోరే కన్ను, ప్రమాదాన్ని చూసే కన్ను వేరుగా ఉండాలన్న జ్ఞానం ఈ ఏర్పాట్లకు మూలం. సుదూర సవారీలో పశువైద్యుని స్థానం సరిగ్గా ఇదే. రౌతు కన్ను గమ్యం మీద ఉంటుంది. వైద్యుని కన్ను డెక్కమీద ఉండాలి.

గనికీ గుర్రానికీ ఉన్న బంధం పోలిక మాత్రమే కాదు, చరిత్ర కూడా. బ్రిటన్‌లో 1842 చట్టం స్త్రీలను, పదేళ్లలోపు బాలురను భూగర్భగనులనుంచి తప్పించింది. తరువాత బొగ్గుతొట్లు లాగే పని నానాటికీ పొట్టి గుర్రాల మీద పడింది. మనిషికి దొరికిన విముక్తి భారం మూగజీవికి బదిలీ అయింది. 1911నాటి గనుల చట్టం నాలుగేళ్లు నిండని గుర్రాన్ని గనిలోకి దింపరాదని శాసించేవరకు దశాబ్దాలు గడిచాయి. నోరున్నవారి బాధ ముందుగా చట్టమవుతుంది. నోరులేనివాటి బాధ ఆలస్యంగా చట్టమవుతుంది. ఈ క్రమం సహజమే కావచ్చు, న్యాయమని మాత్రం చెప్పలేము.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. సింగరేణి ప్రాంతంలో ‘అన్‌ఫిట్’ అన్న మాటకు సాంఘికమైన బరువు ఎంతో. మెడికల్ బోర్డు ఆ మాట అంటే కార్మికుని పని ముగుస్తుంది. కాని వారసుని ఉద్యోగం, కుటుంబం భవిష్యత్తు చర్చలోకి వస్తాయి. ఆ మాట వెనుక సంఘం ఉంది, ఒప్పందం ఉంది, పోరాటచరిత్ర ఉంది. కార్మికుడు తన దేహం గురించి తాను వాదించగలడు. సుదూర సవారీలో ‘అన్‌ఫిట్’ అయిన గుర్రానికి ఆనాటి పరుగు మాత్రమే తప్పుతుంది. ఆ తరువాత అది శాలకు పోతుందా, సంతకు పోతుందా అన్నది యజమాని దయ. పోటీ నియమాలు పరుగు రోజును మాత్రమే కాపాడి, పరుగు తరువాతి జీవితాన్ని విడిచిపెడితే, కౌటిల్యుని శాసనం కన్న మనం వెనుకబడినట్టే.

తెలుగునేలకు వర్తింపు

సుదూర సవారీ తెలుగు పల్లెకు దూరపు మాట. కాని దానికి దగ్గరి బంధువు మన తిరునాళ్లలోనే ఉంది. సంక్రాంతికి, శివరాత్రికి పలుచోట్ల జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలలో ఒంగోలు జాతి జతలు నిర్ణీత సమయంలో బరువైన బండను ఎంతదూరం లాగాయన్నది కొలుస్తారు. పళ్లనుబట్టి వయసు నిర్ణయించి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు చేస్తారు. లేతపశువును ముదురుపశువుతో పోటీకి దింపరాదన్న వివేకం ఆ విభజనలో ఉంది. జాతిని నిలపడంలో ఈ పోటీల పాత్ర ఉందని రైతులు చెప్పే మాటనూ తోసిపుచ్చలేము. కాని బండ ఎంత కదిలిందో కొలిచినంత శ్రద్ధగా, బండ విప్పిన తరువాత ఎద్దు గుండె ఎంతసేపటికి నిమ్మళించిందో కొలిస్తే ఆ పోటీలకు కొత్త గౌరవం వస్తుంది.

చట్టం ఈ దిశలో కొంత నడిచింది. 1960నాటి జంతుహింస నివారణ చట్టం పశువును సాకేవారిపై దాని క్షేమం చూడవలసిన విధిని ఉంచింది. ఆ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు బరువు లాగే, మోసే పశువులచేత రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదని, ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని చేయించరాదని చెబుతాయి. తెలంగాణలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రామగుండం ప్రాంతంలో వేసవి అంతా దాదాపుగా ఈ నిషేధం కిందికే వస్తుంది. సుప్రీంకోర్టు 2014 మే 7న నాగరాజ కేసులో జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధిస్తూ జంతువుల గౌరవాన్ని రాజ్యాంగ విలువలతో ముడిపెట్టింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించింది. ఈ రెండు తీర్పుల నడుమ సంప్రదాయమా, సంక్షేమమా అన్న వివాదం దేశమంతటా సాగింది. చట్టం ఏది అనుమతిస్తుందన్నది న్యాయస్థానం తేలుస్తుంది. అనుమతించినదానిని ఏ తీరున చేయాలన్నది మాత్రం పగ్గం పట్టినవాడే తేల్చుకోవాలి.

ముగింపు

పై చర్చ నుంచి నాలుగు నిర్ణయాలు తేలుతున్నాయి. పశువు విధేయత మనిషికి హక్కును పెంచదు, బాధ్యతను పెంచుతుంది. ఆపే అధికారం గెలుపుతో సంబంధం లేనివారి చేతిలో ఉండాలి. ఆపినందువల్ల కలిగే నష్టాన్ని యజమాని భరించాలి, పశువు కాదు. పోటీ విలువను గమ్యరేఖ దగ్గర ముగించక, పశువు మరునాటి స్థితివరకు, పనికి దూరమైన కాలంవరకు కొలవాలి.

ఓర్పు ఎవరిదన్న మొదటి ప్రశ్నకు వీటినుంచే సమాధానం లభిస్తుంది. పరుగులోని ఓర్పు నిస్సందేహంగా గుర్రానిదే. రౌతుకు దక్కవలసిన ఓర్పు మరొకటి ఉంది. గమ్యం కనుచూపుమేరలో ఉండగా, ఎదుటివారు దాటిపోతుండగా, జీను దిగి గుర్రం నీళ్లు తాగేవరకు నిలబడగలగడం ఆ ఓర్పు. కురుక్షేత్రంలో అర్జునుడు సూర్యుడు వాలుతున్న వేళ చూపినది అదే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుందన్న సామెతను ఇక మరొకవిధంగా చదువుకోవచ్చు. గుర్రం నిజంగా మూడు కాళ్లమీద నడుస్తున్నప్పుడు ఆ సంగతి మెత్తని రౌతుకే ముందుగా తెలుస్తుంది.